క్రీతానుశయం

ఒక వస్తువును కొన్న తరువాత మనస్సులో పుట్టే పరితాపానికి మన ప్రాచీన ధర్మశాస్త్రకారులు ఒక పేరు పెట్టారు. అది ‘క్రీతానుశయం’. క్రీతమంటే కొన్నది, అనుశయమంటే పిమ్మట కలిగే పశ్చాత్తాపం. బజారు ఉన్నంత కాలం ఈ పరితాపమూ ఉంటుంది. విశేషమేమంటే, వారు దానిని కొన్నవాని మనోవ్యథగా మాత్రమే భావించి వదలివేయలేదు; న్యాయసభ ముందుకు తేదగిన వివాదంగా గుర్తించారు. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వ్యవహార పదాలలో క్రయవిక్రయానుశయం ఒకటి. కొన్నవాడుగానీ అమ్మినవాడుగానీ పది దినాలలోగా మనసు మార్చుకుంటే వస్తువును తిరిగి ఇవ్వవచ్చు, తిరిగి పుచ్చుకోవచ్చు అని ఆ స్మృతి అనుమతించింది.

యాజ్ఞవల్క్యుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. అన్ని వస్తువులకూ ఒకే గడువు పొసగదని గ్రహించి, విత్తనాలకు 10 దినాలు, ఇనుముకు ఒక దినం, బరువు మోసే పశువులకు 5, రత్నాలకు 7, పాడి పశువులకు 3 దినాలు చొప్పున పరీక్షాకాలాన్ని నిర్ణయించాడు. ఇందులోని తర్కం సులభంగానే బోధపడుతుంది. విత్తనం మొలకెత్తేదో కానిదో తేలడానికి పది రోజులు పడుతుంది. గేదె ఎన్ని పాలు ఇస్తుందో తెలియడానికి మూడు రోజులు పితికి చూస్తే చాలు. దోషం బయటపడటానికి ఎంత కాలం పడుతుందో అదే గడువుకు కొలబద్ద. అదే పట్టికలో దాసదాసీలకు కూడా పరీక్షాకాలం చెప్పి ఉండటం ఆ యుగపు మచ్చ. దానిని దాచి మిగిలినదాన్ని మాత్రమే పొగడటం న్యాయం కాదు. ఇక కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అనుశయానికి వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు గడువు ఇచ్చాడు. వస్తువులోనే ఉన్న లోపానికి ‘పణ్యదోషం’ అనే భావనను స్పష్టంగా చెప్పినవాడు ఆయనే.

ఈ వ్యవహార ధర్మం తెనుగుజాతికి తెనుగులో అందిన తీరు కూడా స్మరింపదగినదే. మనుమసిద్ధి మంత్రిగా నెల్లూరిలో వెలసిన తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని పదమూడవ శతాబ్దంలో ‘విజ్ఞానేశ్వరీయం’ అనే పద్యకృతిని వెలయించాడు. న్యాయశాస్త్రం పండితుల సంస్కృతంలోనే నిలిచిపోకుండా దేశభాషలోకి దిగివచ్చిన తొలి సందర్భాలలో అది ఒకటి. తిక్కన నడయాడిన ఆ నెల్లూరి సీమలోనే, పడమటి మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాలలో, క్రీతానుశయం నేడు ఏ రూపంలో తలుపు తడుతున్నదో చూడటం ఆసక్తికరం.

ఉదయగిరి పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి దుర్గం గుర్తుకు వస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని 1513లో ముట్టడించి, నెలల తరబడి నిరీక్షించి, 1514లో వశపరచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి ప్రత్యేకంగా ఆలయం కట్టించాడు. బజారు సంగతి తెలిసినవారికి మాత్రం ఉదయగిరి అనగానే కొయ్యచెంచాలు గుర్తుకు వస్తాయి. నర్ది మొదలైన అడవి కొయ్యలతో అక్కడి చేతిపనివారు చెక్కే చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందాయి. కొయ్యచెంచాను కొనేవాడు దానిని చేతిలోకి తీసుకొని వేలితో నిమిరి చూస్తాడు. బీట ఉంటే కంటికి కనబడుతుంది. పేడు ఉంటే వేలికి తగులుతుంది. చేసినవాడు ఎదుటనే కూర్చొని ఉంటాడు. దోషం కనబడితే మాట అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ బేరంలో ఇద్దరికీ వస్తువు గురించి ఇంచుమించు సమానమైన జ్ఞానం ఉంటుంది.

అదే వీధిలో నాలుగు దుకాణాల అవతల రిఫ్రిజిరేటరు అమ్ముతారు. అక్కడ ఆ సమానత్వం లేదు. కొనేవారు తలుపు తీసి చూస్తారు, లోపలి దీపం వెలిగిందా అని చూస్తారు, రంగు చూస్తారు. ఆ యంత్రానికి ప్రాణమైన భాగం మాత్రం వెనుకవైపు మూతపడిన గొట్టాలలో ఉంటుంది. అది కొనేవారికీ కనబడదు, అమ్మేవారికీ కనబడదు. తయారు చేసినవారు వందల మైళ్ల దూరంలో ఉంటారు.

మెట్ట ప్రాంతంలో రిఫ్రిజిరేటరు విలాసవస్తువు అని అనుకునేవారు ఇంకా ఉన్నారు. మధుమేహంతో బాధపడే ముసలితల్లి ఉన్న ఇంట అది ఔషధశాల. తెరవని ఇన్సులిన్ సీసాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. కొండరాళ్లు కాగి రాత్రి వేళ కూడా వేడిని వెళ్లగక్కే ఉదయగిరి వేసవిలో, మట్టి కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టినా ఆ చల్లదనం రాదు. అటువంటి ఇంటివారు పదిహేను వేల రూపాయలు కూడబెట్టి ఒక చిన్న రిఫ్రిజిరేటరు కొంటారు. రోజుకు మూడు వందల కూలి వచ్చే కుటుంబానికి అది యాభై రోజుల కష్టం.

ఆ తరువాతి కథ ఏ ఊరిలోనైనా ఒకేలా సాగుతుంది. ఏప్రిల్‌లో కొన్న యంత్రం మే నెలలో చల్లబరచడం మానుతుంది. ఫోను చేస్తే నాలుగు రోజులకు మెకానిక్ వస్తాడు. గ్యాసు అయిపోయిందని చెప్పి, నింపి వెళ్తాడు. మూడు వారాలు బాగానే నడుస్తుంది. మళ్లీ అదే వరుస. ఈసారి రిలే పోయిందంటాడు. మూడోసారి మళ్లీ గ్యాసు. ఇంటి ఇల్లాలు దుకాణానికి వెళ్లి నిలబడుతుంది.

“అన్నా, ఇది మూడోసారి. పెట్టెను మార్చి ఇయ్యండి.”

“మేము అమ్మేవాళ్లమే గదమ్మా! రిపేరు సంగతి కంపెనీవాళ్లు చూసుకుంటారు. వాళ్లకే ఫోను చెయ్యి.”

కంపెనీకి ఫోను చేస్తే, ఫిర్యాదు పరిష్కారమైనట్లు తమ లెక్కలో నమోదై ఉన్నదని మర్యాదగా బదులు వస్తుంది. అది ఎట్లా నమోదైందో ఆమెకు తెలియదు. వెళ్లేముందు మెకానిక్ “అక్కా, నీ ఫోనుకు వచ్చిన నంబరు చెప్పు” అని అడిగాడు, ఆమె చెప్పింది. ఆ నాలుగంకెలే ఆమె సంతకం. యంత్రం సరిగా నడుస్తున్నదని ఆమె ఒప్పుకున్నట్లే లెక్క.

ఇక్కడ యంత్రం పనితీరును కొంత తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే న్యాయం ఎక్కడ ఉన్నదో ఆ గొట్టాలే చెబుతాయి. రిఫ్రిజిరేటరులో కంప్రెసరు ఒక వాయువును బలంగా అదిమి, వేడెక్కించి, వెనుక ఉన్న జాలీ గొట్టాలలోకి పంపుతుంది. అక్కడ వేడిని బయటి గాలికి వదలి వాయువు ద్రవమవుతుంది. ఆ ద్రవం వెంట్రుకవంటి సన్నని గొట్టం గుండా దూరి లోపలి అరను చేరి, ఒక్కసారిగా ఒత్తిడి తగ్గడంతో మరుగుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకొని మళ్లీ వాయువవుతుంది. తిరిగి కంప్రెసరుకు చేరుతుంది. ఇది పూర్తిగా మూసివేసిన వలయం. మోటారు సైకిలులో పెట్రోలు మండి అయిపోయినట్లు రిఫ్రిజిరేటరులో గ్యాసు అయిపోవడం అంటూ ఉండదు. కర్మాగారంలో నింపిన వాయువే యంత్రం ఆయుష్షు ఉన్నంత కాలం అందులో తిరుగుతూ ఉండాలి. కాబట్టి “గ్యాసు అయిపోయింది” అన్న మాటకు అర్థం ఒక్కటే: ఎక్కడో అతుకు వదలి గొట్టం కారుతున్నది. కారే చోటును వెదకి పూడ్చకుండా గ్యాసు మాత్రమే నింపి వెళ్లడం చిల్లి కుండలో నీరు పోయడం వంటిది. కొన్న నెల రోజులకే కుండకు చిల్లి పడిందంటే, తరలించేటప్పుడు దెబ్బ తగిలిన గుర్తు గానీ ఇంటివారు చేసిన పొరపాటు గానీ కనబడనప్పుడు, ఆ చిల్లి కుమ్మరి ఆవంలోనే పడి ఉంటుందని అనుమానించడానికి తగిన కారణం ఉన్నట్లే.

అయితే కంపెనీవారి పక్షం కూడా వినదగినదే. పల్లెలలో విద్యుత్తు ఒడుదొడుకులు వారు తరచుగా చెప్పే కారణం. ఇంటికి రావలసిన విద్యుత్తు పీడనం 230 వోల్టులు. అది బాగా పడిపోయినప్పుడు కంప్రెసరు మోటారు తిరగడానికి మొరాయించి, ఎక్కువ కరెంటును గుంజుకొని వేడెక్కుతుంది. ఇట్లా మాటిమాటికి జరిగితే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. ఇది అబద్ధం కాదు. స్టెబిలైజరు వాడమని యంత్రంతో పాటు ఇచ్చిన పుస్తకంలో స్పష్టంగా రాసి ఉండి, వాడకపోతే ఆ నష్టానికి కొన్నవారే బాధ్యులు. బజారులోని మరొక మెకానిక్‌తో గొట్టం కోయించి అతికించినా అంతే. కాని విద్యుత్తు ఒడుదొడుకు తీగచుట్టను కాలుస్తుందే తప్ప అతుకును కారనివ్వదు. రోగమొకటి, చెప్పే నిదానమొకటి అయినప్పుడు ఆ సమాధానాన్ని ప్రశ్నించడం కొన్నవారి హక్కు. విద్యుత్తే నిజంగా కారణమైతే, విద్యుత్తు పంపిణీ కూడా చట్టం దృష్టిలో సేవయే. 2003 నాటి విద్యుత్తు చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కారానికి ఒక వేదికను ఏర్పాటు చేయాలి.

ఈ ఇల్లాలికి 1986కు ముందు ఏ దారి ఉండేది? 1930లో వచ్చిన సరకుల విక్రయ చట్టం ఉండేది. కొన్న ప్రయోజనానికి వస్తువు పనికిరావాలి, అమ్మదగిన నాణ్యత కలిగి ఉండాలి అని, చీటీలో రాయకపోయినా, కొన్ని షరతులు అంతర్లీనంగా ఉంటాయని ఆ చట్టం ఒప్పుకుంది. కాని “కొనేవాడే జాగ్రత్తపడాలి” అన్న పాత ఆంగ్ల సూత్రం నీడ దానిమీద దట్టంగా పరచుకొని ఉండేది. పైగా సివిలు కోర్టుకు వెళ్లాలి, కోర్టు రుసుము కట్టాలి, న్యాయవాదిని పెట్టుకోవాలి, వాయిదాలు తిరగాలి. పదిహేను వేల వస్తువు కోసం ఆ మార్గం తొక్కేవారు అరుదు. ఆ సంగతి తయారీదారులకు బాగా తెలుసు.

ప్రపంచం మరొక దిక్కుగా ఆలోచించడం అప్పటికే మొదలైంది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ శాసనసభకు పంపిన సందేశంలో వినియోగదారునికి భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం అనే నాలుగు హక్కులున్నాయని ప్రకటించాడు. ఆ తేదీయే నేడు ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం. మన దేశంలో 1966లో బొంబాయిలో కొందరు గృహిణులు కలసి వినియోగదారుల సంఘాన్ని స్థాపించారు. ఉద్యమాన్ని మొదట భుజాన వేసుకున్నది వంటింటి కష్టం తెలిసిన ఆడవారే కావడం యాదృచ్ఛికం కాదు. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. 1986 డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఏటా ఆ రోజును జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకోవడానికి కారణమిదే. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో ‘దోషం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. నాణ్యత, పరిమాణం, శక్తి, స్వచ్ఛత, ప్రమాణం - వీటిలో దేనిలోనైనా ఉండవలసిన స్థాయి నుండి తగ్గిన ఏ లోపమైనా దోషమే. కౌటిల్యుని పణ్యదోషం రెండు వేల ఏళ్ల తరువాత మళ్లీ పేరు పెట్టుకొని వచ్చినట్లు అనిపిస్తుంది. దోషం రుజువైతే లోపాన్ని సరిచేయించడం, దోషం లేని కొత్త వస్తువును ఇప్పించడం, చెల్లించిన మూల్యాన్ని వడ్డీతో తిరిగి ఇప్పించడం, కలిగిన నష్టానికీ వేదనకూ పరిహారం ఇప్పించడం - ఇవన్నీ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ చేయగలదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా 2019 నాటి చట్టం అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చింది. “బిల్లు వద్దంటే ఐదు వందలు తగ్గిస్తాను” అన్న మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. ఆ ఐదు వందలకు అమ్ముడుపోయేది మాత్రం తరువాత నోరెత్తగల అధికారం.

ఉదయగిరి వంటి చోటికి 2019 నాటి చట్టం తెచ్చిన గొప్ప మార్పు మరొకటి ఉన్నది. పాత చట్టం కింద ఎదుటి పక్షం ఉన్న చోటగానీ, వ్యాపారం చేసే చోటగానీ, వివాదకారణం పుట్టిన చోటగానీ ఫిర్యాదు చేయాలి. బతుకుదెరువు కోసం హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన కొడుకు అక్కడ కొని తల్లికి పంపిన యంత్రం పాడైతే, వ్యాజ్యం కూడా ఆ మహానగరాల వెంటపడి పోయే ప్రమాదముండేది. ఇప్పుడు ఫిర్యాదీ నివసించే చోటగానీ, జీవనోపాధి పొందే చోటగానీ దాఖలు చేయవచ్చు. ఆ ఇంటికి నెల్లూరులోని జిల్లా కమిషన్ చాలు. కొనుగోలుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఎవరి మాట వారే చెప్పుకోవచ్చు. వివాదకారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి.

నెల్లూరు ఉదయగిరికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు వారికి అందులో సగం దూరమే. కూలి మానుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని, పొద్దున్నే బయలుదేరి వెళ్తే ఆనాడు వాయిదా పడవచ్చు. న్యాయం ఉచితమైనా న్యాయం దగ్గరికి వెళ్లే దారి ఉచితం కాదు. ఈ కష్టాన్ని కొంత తగ్గించడానికి 2020 సెప్టెంబరు నుండి అంతర్జాలం ద్వారా ఫిర్యాదు దాఖలు చేసే ఏర్పాటు ప్రారంభమైంది. 2025 జనవరి 1న ‘ఈ-జాగృతి’ అనే కొత్త వ్యవస్థ వచ్చింది. కోరితే దృశ్యమాధ్యమం ద్వారా విచారణకు హాజరు కావడానికీ చట్టం అవకాశమిచ్చింది. ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇంట ఈ పని అసాధ్యమేమీ కాదు.

వ్యాజ్యం నడిచేది కాగితం మీద. ఆమె ఎన్ని రాత్రులు మేలుకున్నదో, ఎన్ని సీసాల మందు పారబోసిందో కమిషన్‌కు కనబడదు. బిల్లు, వారంటీ కార్డు, ప్రతిసారీ మెకానిక్ ఇచ్చిన జాబ్‌కార్డు కనబడతాయి. జాబ్‌కార్డు ఇవ్వకుండా వెళ్లేవారే ఎక్కువ. అడిగి తీసుకోవాలి. అందులో ఏ లోపం కనబడింది, ఏ భాగం మార్చారు అన్నది రాయించాలి. ఇరవై నాలుగు గంటలు గడిచి యంత్రం నిజంగా చల్లబడేదాకా ఆ నాలుగంకెలు చెప్పకుండా ఆగగల ధైర్యం కావాలి. “చెప్పకపోతే నాకు జీతం రాదక్కా” అని మెకానిక్ బ్రతిమాలుతాడు. అతని మాటలోనూ నిజం ఉండవచ్చు. అతడూ ఆ పెద్ద యంత్రంలో చిన్న మరయే. అయినా అతని ఇబ్బందిని తీర్చవలసినది అతని యజమాని గానీ ఈ ఇల్లాలు కాదు. పారబోసిన ఇన్సులిన్ సీసాల బిల్లులు కూడా దాచి ఉంచాలి. పరిహారం లెక్క వేసేటప్పుడు వేదనకు ఆధారం అవే.

ఫిర్యాదులో దుకాణదారుని, తయారీదారుని, సేవాకేంద్రాన్ని ముగ్గురినీ ఎదుటి పక్షంగా చేర్చవచ్చు. ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అప్పుడు సాగదు; ఎవరి బాధ్యత ఎంత అన్నది కమిషన్ ముందు వారే తేల్చుకోవలసి వస్తుంది. నోటీసు అందిన 30 రోజులలోగా ఎదుటి పక్షం జవాబు ఇవ్వాలి. మరి 15 రోజులకు మించి గడువు పొడిగించరాదని సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో ఖండితంగా చెప్పింది.

కొందరు ఇక్కడ ఒక చిక్కు తెస్తారు. ఇంటి ముందు అరుగు మీద మజ్జిగ, సోడాలు చల్లబరచి అమ్ముకునే స్త్రీ కొన్న రిఫ్రిజిరేటరు వాణిజ్య ప్రయోజనానికి కొన్నది కనుక ఆమె వినియోగదారు కాదని వాదిస్తారు. 1995లో సర్వోన్నత న్యాయస్థానం ఈ అంశాన్ని విచారించి, స్వయంఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారు వినియోగదారులే అవుతారని వివరించింది. పెద్ద ఎత్తున లాభార్జనకు కొన్న యంత్రం వేరు, బతకడానికి కొన్న యంత్రం వేరు.

ఇంకొక చిక్కు దీనికంటె గట్టిది. మాటిమాటికి చెడిపోయినంత మాత్రాన మొత్తం వస్తువును మార్చి ఇవ్వాలా? 2006లో ఒక కారు వివాదంలో, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైనప్పుడు, తయారీ దోషం రుజువు కానిదే మొత్తం కారును మార్చమనడం తగదని సర్వోన్నత న్యాయస్థానం అభిప్రాయపడింది. కంపెనీల తరఫున ఈ తీర్పును తరచుగా ఉదహరిస్తారు. కనుక తయారీ దోషాన్ని నిరూపించే భారం ఫిర్యాదీ మీద పడుతుంది. పరీక్ష లేకుండా దోషం తేలదనుకుంటే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. అక్కడి నివేదిక 45 రోజులలో రావాలి. ప్రయోగశాల రుసుమును ఫిర్యాదీ ముందుగా కట్టవలసి రావచ్చు. చిన్న యంత్రానికి ఆ రుసుమే బరువు. అందువల్లనే జాబ్‌కార్డులకు అంత విలువ. వారంటీ కాలంలోనే ఒకే లోపానికి నాలుగైదుసార్లు మరమ్మతు చేసినట్లు కంపెనీ కాగితాలే చెబుతున్నప్పుడు, దోషం పుట్టుకతో వచ్చిందని కమిషన్లు ఊహించిన సందర్భాలు ఉన్నాయి. మూడుసార్లు గ్యాసు నింపినట్లు రాసి ఉన్న మూడు చీటీలు, గొట్టం కారుతున్నదని తయారీదారు ప్రతినిధులే మూడుసార్లు రాసి ఇచ్చిన వాంగ్మూలం వంటివి.

పరీక్ష అవసరం లేకపోతే మూడు నెలలలో, అవసరమైతే ఐదు నెలలలో ఫిర్యాదును తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యం తప్పడం లేదు. కమిషన్లలో అధ్యక్షుల, సభ్యుల పదవులు ఖాళీగా పడి ఉండటాన్ని 2021లో సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానే విచారణకు స్వీకరించిందంటే పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో గ్రహించవచ్చు. తీర్పు అనుకూలంగా వచ్చినా ఎదుటి పక్షం 45 రోజులలోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే చెల్లించవలసిన మొత్తంలో సగం ముందుగా జమ కట్టాలన్న నియమం కాలయాపన కోసమే వేసే అప్పీళ్లకు కొంత కళ్లెం. ఆదేశాన్ని పాటించనివారికి నెల రోజుల నుండి మూడేళ్ల వరకు జైలుశిక్షగానీ, 25 వేల నుండి లక్ష రూపాయల వరకు జరిమానాగానీ, రెండూగానీ విధించవచ్చు. ఉభయులూ ఇష్టపడితే వ్యాజ్యాన్ని మధ్యవర్తిత్వానికి పంపే వీలూ ఉన్నది. చిన్న వస్తువుల విషయంలో అదే మేలు. కంపెనీ ప్రతినిధి కమిషన్ ఆవరణలో ఎదురుగా కూర్చోవలసి వచ్చినప్పుడు, ఫోనులో వినబడని మాట వినబడుతుంది.

వస్తువులు త్వరగా చెడిపోవడం కేవలం అజాగ్రత్త వల్లనేనా అన్న సందేహం కూడా పాతదే. 1924లో ఐరోపా, అమెరికాలకు చెందిన బల్బుల కంపెనీలు కొన్ని జెనీవాలో కూటమి కట్టి, బల్బు ఆయుష్షును వెయ్యి గంటలకు పరిమితం చేసుకున్నాయి. అంతకంటె ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా కూడా విధించాయి. మన్నిక కూడా కొన్నిసార్లు అమ్మేవారికి శత్రువు అవుతుంది! ఫ్రాన్సు 2021లో బట్టలుతికే యంత్రాలు, టెలివిజన్లు మొదలైన కొన్ని వస్తువుల మీద, వాటిని ఎంత సులభంగా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని ముద్రించడం తప్పనిసరి చేసింది. మన కేంద్రప్రభుత్వం 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించి, అదే సంవత్సరం డిసెంబరు 24న ఆ హక్కుకు సంబంధించిన సమాచార వేదికను ప్రారంభించింది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, వాటి ధర ఎంత, ఎవరు బాగుచేయగలరు అన్న వివరాలు కొనేవారికి ముందే తెలియాలన్నది దాని ఉద్దేశం. ఉదయగిరి బజారులో రేడియోలు, మిక్సీలు విప్పి బాగుచేసే మెకానిక్ చేతికి అసలైన విడిభాగం అందితే, నాలుగు రోజుల నిరీక్షణ ఒక పూటకు తగ్గుతుంది.

కమిషన్ దాకా వెళ్లకముందే వేయదగిన చిన్న అడుగు ఒకటి ఉన్నది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు, ఖర్చు లేదు. సహాయవాణి తీర్పు చెప్పదు, కంపెనీకి ఫిర్యాదును పంపి జవాబు రాబడుతుంది. అక్కడ ఇచ్చే ఫిర్యాదు సంఖ్యను జాబ్‌కార్డుల పక్కనే రాసి పెట్టుకోవాలి. తరువాత తయారీదారుకు రసీదు దొరికే తపాలాలో ఒక ఉత్తరం. చట్టం దానిని తప్పనిసరి చేయలేదు గానీ, గడువు ఇచ్చి అడిగినట్లు రుజువుగా అది నిలుస్తుంది. వస్తువును ఏనాడు కొన్నారు, ఎన్నిసార్లు చెడిపోయింది, ఏ ఏ తేదీలలో ఎవరు వచ్చి ఏమి చేశారు, ఇప్పుడు ఏమి కోరుతున్నారు - ఇంతే. తిట్లు అక్కరలేదు, కన్నీళ్లూ అక్కరలేదు. ఒక అరఠావు కాగితం సరిపోతుంది.

ఆ ఉత్తరం మీద దుకాణదారు కంటె ముందు స్పందించేది తరచుగా కంపెనీ ప్రాంతీయ కార్యాలయమే. “మీ యంత్రాన్ని పరిశీలించడానికి మా ఇంజనీరును పంపుతున్నాము” అని ఫోను వస్తుంది. ఈసారి వచ్చేవాడు గ్యాసు డబ్బాతో పాటు గొట్టం కారుడును పట్టే పరికరం కూడా తెస్తాడు. వెనుకవైపు అతుకు మీద సబ్బునురగ పూసి చూస్తాడు, బుడగ లేస్తుంది. ఇల్లాలు జాబ్‌కార్డును అతని ముందు పెట్టి, ఆ మాటే అందులో రాయమని అడుగుతుంది.